గ్రామ నాటక సమాజములు – మన కర్తవ్యము



పల్లెలలో నాటకసమాజములు ఉత్సాహముతోఁ బుట్టి అప్పులతో గిట్టుచున్నవి. పద్యము పాడువారికిఁ గొదవలేదు. లెక్క చూచువారే లేరు. మా యూరి సమాజమే నిదర్శనము. తెరలకును వేషములకును అద్దె, హార్మోనిస్టునకుఁ బారితోషికము చెల్లింపఁగా మిగిలిన ఋణము కృష్ణపాత్రధారి నెత్తినఁ బడెను. అతఁడు పాడిగేదెను విక్రయించి తీర్చెను. నాఁటినుండి ముఖమునకు రంగు పూసికొనలేదు.

1885లో కడపజిల్లా సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ ప్రదర్శించిరి. ఆ సమాజము తరతరములు నిలిచినది. స్త్రీలతోఁగూడ కుటుంబమంతయు రంగమెక్కి, నాటకమునే జీవనముగాఁ గొనుట దానికి హేతువు. మనవారో సేద్యగాండ్రు. కావునఁ గోఁతలు ముగిసిన పిమ్మటనే అభ్యాస మారంభింపవలెను. చందాలు చేతఁబడిన పిదపనే బయానా ఈయవలెను. ప్రదర్శనము మఱునాఁడు రామమందిరమున జమాఖర్చులు చదివి వినిపింపవలెను.

మఱియొక మనవి. పాత్రలు మన కులమువారికే యను నియమము వలదు. డోలకు వాయించువారు, దీపము లమర్చువారు, తెల్లవాఱుదాఁక చాపలపైఁ గూర్చుండి చూచువారు ఎల్లకులములవారే కదా!

ఈ మహాసభ గ్రామసమాజములకు ఏఁటేఁటఁ గొంత విరాళ మొసఁగి, లెక్కయు నడుగుఁగాక. ఋణభయము తొలఁగిననాఁడు మా కృష్ణుఁడు మరల రంగమెక్కును.