తలచుకొనదగిన తేదీలు



చలనచిత్రమునకు రజతోత్సవమన్న ఇరువదియైదు వారములు. గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు. 1951లో బి. ఎన్. రెడ్డిగారు నిర్మించిన ‘మల్లీశ్వరి’ని జూచినవారు అందలి కృష్ణదేవరాయలను, భానుమతి గానమును ముదిమివరకు తలచుకొనిరి. తలచుకొనదగినదే. కాని ఆ చిత్రమునకు అర్ధశతాబ్దము పూర్వమే అదే రాయల పేర హైదరాబాదున వెలసిన గ్రంథాలయమును తలచుకొనువారు అరుదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును దానికి ఊతగా నిలిచిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రుని పేర మఱియొకటి పుట్టినది. అప్పటి నిజాము రాష్ట్రమున రాజభాష ఉర్దూ. ఉర్దూ మధురభాషయే, దోషము భాషది కాదు. తల్లి మాటలాడు నుడిలో ఒక పత్రిక చదువుకొనుటకు చోటు లేకపోవుటయే బాధ.

1921 నవంబరునాటి ముచ్చట కొంత విపులముగ జెప్పవలసియున్నది. హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కర్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. అన్యభాషలలోని ఉపన్యాసములను శ్రద్ధగా వినిన సభికులు, న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే కేకలు వేసి, చప్పట్లు చఱచి అల్లరి జేసిరి. నొచ్చుకొన్న తెలుగువారు కొందఱు వెంటనే ఒకచోట గూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అవమానము జరిగిన తేదీయు వార్షికోత్సవమునకు అర్హమైనదే!

ఆ సంఘము గ్రామగ్రామమున గ్రంథాలయములను, పఠనాలయములను నెలకొల్పుట తన పనిగా బెట్టుకొనినది. సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి గావలెనను 53వ గస్తీ అమలులోనున్న దినములవి. నలుగురు కూర్చుండి పత్రిక చదువుకొనుటకు ‘సభ’ యను పేరు లేదు గదా! అందుచేత పుస్తకముల గదియే వారికి సభాస్థలి యైనది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ పత్రిక’ను స్థాపించిరి. తెలంగాణమున కవులు పూజ్యమను మాటకు బదులుగా, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’యందు 354 మంది కవులను వరుసగా నిలిపిరి. వాదించి అరువుట కంటె లెక్క జూపుట మేలను తెలివి ఆయనది. 1930లో ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షులును ఆయనయే. అది జరిగిన జోగిపేట ఈ జిల్లాలోనిదే. అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది.

ఇక మొగుడంపల్లి సంగతి. జహీరాబాదు తాలూకా 1956 అక్టోబరు 31వ తేదీవరకు బీదరు జిల్లాలోనిది. మఱునాడు తాలూకాలో నిర్ణా సర్కిలు తప్ప తక్కినది మెదకు జిల్లాలో, క్రొత్త ఆంధ్రప్రదేశములో జేరినది. 2014 జూన్ 2న రాష్ట్రము తెలంగాణ మైనది. 2016లో జిల్లా సంగారెడ్డి, ఊరు మండలకేంద్రము. పొలము కదలలేదు, బావి కదలలేదు. చిరునామా మాత్రము మాటిమాటికి మారినది. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగును సంతలో వినబడు సీమ యిది.

1960 నాటి గ్రంథాలయ శాసనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును విధించినది. రూపాయికి ఎనిమిది పైసలు. వసూలైన పైకము గ్రంథాలయ సంస్థకు సకాలమున జేరుట లేదను ఫిర్యాదు రాష్ట్రమంతట నున్నది. జమ ఒకచోట, ఖర్చు మఱియొకచోట నుండిన లెక్క ఎన్నటికి సరిపడును? ప్రతి సంవత్సరము పంచాయతీలో ఈ పద్దును అడిగి తెలిసికొనుట పాఠకుల హక్కు.

పొలముల ఎల్లలకు పహాణీ యున్నది గాని, బీదరునాటి బడిలో ఏ భాషలో ఓనమాలు దిద్దిరో, జిల్లా మారిన దినమున పెద్దలేమనుకొనిరో వ్రాసిన చిఠ్ఠా ఎచ్చటను లేదు. 1956లో పదేండ్ల బాలురు నేడు ఎనుబదికి అటునిటుగ నున్నారు. గ్రంథాలయములో ఒక బైండు పుస్తకము వేఱుగ నుంచి, చదువుకొన్న పిల్లలు సాయంకాలము వారికడ గూర్చుండి చెప్పినది చెప్పినట్లు, ఏ భాషలో జెప్పిన ఆ భాషలోనే, వ్రాసికొనవలెను. ఈ పని ఈ రజతోత్సవ సంవత్సరముననే మొదలుపెట్టవలసియున్నది.