తలపై పొలుసు వ్యాధి – కిరణచికిత్స



తలపై చర్మము ఎఱ్ఱబారి, తెల్లని పొలుసులు గట్టి, దురదపెట్టు వ్యాధి మన కుటుంబములలోను కొందఱికి గలదు. వైద్యులు దీనిని సోరియాసిస్ అందురు. పలువురు చుండ్రని యుపేక్షింతురు. కొందఱు కుష్ఠమని వెఱతురు. ఈ వెఱపుచే కుదిరిన సంబంధములు సైతము తప్పిపోవుచున్నవి. అందుచే నీ విషయమును సభాముఖమున విన్నవించుచున్నాను.

ఈ భ్రాంతికి మాటయే మూలము. సంస్కృత వైద్యగ్రంథములలో ‘కుష్ఠ’ శబ్దము పెక్కు చర్మరోగములకు సామాన్యనామము. చరకసంహిత 18 విధములు చెప్పినది. తెలుగులో ఆ శబ్దము ఒక్క వ్యాధికే రూఢమైనది. సోరియాసిస్ అంటువ్యాధి కాదు, పాపఫలమును గాదు. దేహరక్షణశక్తి దారితప్పుటచే, ఇంచుమించు నెలకు మాఱవలసిన పైచర్మము కొలది దినములలోనే పెరిగి పొలుసులు గట్టును. వంశమున కొంత సంక్రమించుట గలదు; ఐనను సంతానమునకెల్ల వచ్చునని లేదు.

లేపనములచే తగ్గనివారికి కిరణచికిత్స కలదు. బావంచాలను, సూర్యరశ్మిని జోడించి బొల్లిని మాన్ప యత్నించుట మన పూర్వులెఱిగినదే. ఆ గింజలలో సోరలిన్ అను పదార్థము గలదు. ఆ జాతి మందును మ్రింగించి, అతినీలలోహిత కిరణములు సోకించిన చికిత్సాఫలములను 1974లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఇప్పుడు ఆ మందు లేకయే, 311 నానోమీటర్ల కిరణములను విశేషముగా వాడుచున్నారు.

తలయందొక చిక్కు గలదు: వెండ్రుకలు కిరణముల నడ్డగించును. కావున దువ్వెనవలె పండ్లుగల చేతిదీపముతో పాయలు తీయుచు, కిరణములు చర్మమునకు సోకునట్లు చేయుదురు. వారమునకు రెండు మూడు పర్యాయములు, కొన్ని నెలలు సాగవలయును. కన్నులకు రక్షక సులోచనములు తప్పనిసరి. వ్యాధి అణగును గాని, మరల రాదని చెప్పరాదు. బావంచాలు నూరి పూసికొని యెండలో కూర్చుండినచో చర్మము బొబ్బలెక్కును. వైద్యుని యనుమతి లేనిదే యెవ్వరును చేయరాదు.

వారమునకు మూడు మాఱులు పట్టణమునకు పోవలసిన బీదవానికి బండిచార్జీతో పాటు దినకూలియు పోవును. విద్యార్థులకు వేతనములిచ్చుచున్న మన పోషకులు ఇట్టి రోగుల ప్రయాణవ్యయమునకును కొంత ధనము కేటాయింప ప్రార్థించుచున్నాను. పొలుసు వ్యాధి కారణముగా కన్యను గాని వరుని గాని నిరాకరింపమని ఈ సభ తీర్మానించినచో, ఏ దీపమును పోగొట్టలేని చీకటి కొంత తొలగును.