పరీక్షకు ఆలస్యం, ఆపరేషన్‌కు తొందర

(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. ఆరోగ్య ఉపసంఘం తరపున మేము ఇంకో లెక్క చెప్పదలిచాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు మాత్రం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే దేశంలోకెల్లా ఎక్కువ. అంటే మనకు పరీక్ష అందలేదు గానీ ఆపరేషన్ అందింది.

ఇదెలా జరుగుతోందో మనందరికీ తెలుసు. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని వెళ్తాం. "వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అంటారు. భయంతో అప్పు చేసి ఒప్పుకుంటాం. తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదు. చాలాసార్లు మందులతో తగ్గేదే. నిజంగా జబ్బు ఉన్న ఆడమనిషేమో ఇంట్లో సిగ్గుపడి దాచుకుంటుంది. ముదిరాక ఆసుపత్రికి చేరుతుంది.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మందికి ఈ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. ముదరడానికి ఏళ్లు పడుతుంది. ముందే కనిపెడితే చిన్న చికిత్సతో ఆపవచ్చు. అందుకే ఇన్ని చావులకు జబ్బు ఒక్కటే కారణం కాదు, ఆలస్యం కూడా కారణమే అంటున్నాం.

ఆ ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. డబ్బున్నవాళ్లు పట్నంలో పరీక్ష చేయించుకుంటారు. కూలికి పోయే మనిషికి ఒక రోజు పోతే ఒక రోజు కూలి పోయినట్టే. ఇంట్లో కూడా ముందు ఆయన, తర్వాత పిల్లలు, ఆ తర్వాత గేదె, ఆఖరున మనం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ఆపరేషన్ ఖర్చు తీరినా, హైదరాబాదుకో విశాఖకో పోయి వచ్చే ఛార్జీలు, తోడు వచ్చే మనిషి, ఇంట్లో వండిపెట్టే మనిషి ఎక్కడినుంచి వస్తారు? రొమ్ము తీసేస్తే ఆయన ఏమంటాడో అన్న భయం ఇంకోటి.

అయినా దారి ఉంది. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు పదో తరగతి చదివిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, వెనిగర్ లాంటి ద్రావణంతో చేసే తేలిక పరీక్ష చేయించారు. సుమారు లక్షన్నర మందితో ఏళ్ల తరబడి జరిగిన ఆ అధ్యయనంలో, పరీక్షలు చేసిన బస్తీల్లో ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. చేసింది మనలాంటి ఆడవాళ్లే.

అందుకే ఈ సమావేశం ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం.

1. ప్రతి సంఘం 30 ఏళ్లు దాటిన సభ్యుల జాబితా రాయాలి. ఆశా, ఎ.ఎన్.ఎం.లతో మాట్లాడి ఒక రోజు పెట్టుకుని అందరం కలిసి పరీక్షకు వెళ్లాలి.

2. రొమ్ములో నొప్పి లేని గడ్డ, ముట్లు ఆగిపోయాక రక్తం, కలయిక తర్వాత రక్తం, వాసనతో తెల్లబట్ట కనిపిస్తే వారంలోగా డాక్టరు దగ్గరికి పంపాలి. తోడుగా సంఘం మనిషి వెళ్లాలి. ఛార్జీలు గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలి.

3. చికిత్సలో ఉన్న సభ్యురాలిని కంతు కోసం ఒత్తిడి చేయకూడదు, గడువు ఇవ్వాలి.

4. గర్భసంచి తీయాలంటే ముందు పరీక్ష కాగితం అడగాలి. ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించాలి.

కంతు ఒక్క నెల తప్పితే ఇంటికొచ్చి అడుగుతాం కదా. పరీక్షకు రాని అక్క ఇంటికి కూడా అలాగే వెళ్దాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి, తీర్మానాల పుస్తకంలో రాసుకుందాం.