పదమూడు గెలిచినా చాలలేదు



సంఖ్యాశాస్త్రం గురించి నలుగురికీ పనికొచ్చేలా మాట్లాడమని పిలిచారు. దానికి ఉదాహరణ మీ ఇళ్లలోనే ఉంది: ఈ హాల్లో ఉన్న మీలో చాలామందికి అమెరికాలో చదువుతున్న పిల్లలున్నారు. డిసెంబరు రాగానే వాళ్లు ఫోన్ చేసి మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అన్యాయం జరిగిందంటే, ఏదో ఆట గొడవలే అని మీరు మాట మార్చేస్తున్నారు. మార్చకండి. కొన్నిసార్లు అది నిజంగానే అన్యాయం. ఆట ఎలా ఆడతారో నేను చెప్పను, అది మీ మనవడిని అడగండి. ఆఖరి పోటీలకు ఏ జట్లు వెళ్లాలో ఎవరు తేలుస్తున్నారు, ఎలా తేలుస్తున్నారు? నేను మాట్లాడేది దాని గురించే.

మనకి ఐపీఎల్ అలవాటు. పది జట్లు, 70 లీగ్ మ్యాచ్‌లు, పాయింట్ల పట్టిక. పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్. పట్టిక చూసి చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో 2024లో పై స్థాయి జట్లు 134. ఒక్కో జట్టుకి మామూలు సీజన్‌లో పన్నెండే మ్యాచ్‌లు. 134 జట్లలో జంటలు లెక్కేస్తే 8,911 వస్తాయి. జరిగేవి మహా అయితే ఎనిమిది వందల చిల్లర. అంటే వందలో తొంభై జంటలు ఎదురెదురు పడనే పడవు. పైగా ఎవరి జట్ల కూటమి, అంటే కాన్ఫరెన్స్, వారిది, బలమైన జట్లతో ఆడేవాళ్లు కొందరు, బలహీనులతో ఆడేవాళ్లు కొందరు. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని పోల్చి చూడక తప్పదు. ఇది నేను ఒప్పుకుంటాను. ఎలా పోలుస్తున్నారన్నదే నా తగాదా.

ఈ తగాదా పాతది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1988లో పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. ఆ పెన్ స్టేట్ 1994 సీజన్‌లో పన్నెండుకి పన్నెండూ గెలిచింది. అదే ఏడాది నెబ్రాస్కా పదమూడుకి పదమూడూ గెలిచింది. రెండిటినీ ఒక మైదానంలో నిలబెట్టే ఏర్పాటే లేదు. ఓట్లు వేసి నెబ్రాస్కాకి కిరీటం పెట్టారు. పెన్ స్టేట్ వాళ్లకి ఆ బాధ ఇంకా పోలేదు. పోకూడదు కూడా.

ఇప్పుడు అపోహల సంగతి. కంప్యూటరే జట్లను ఎంచుతుందని చాలామంది నమ్మకం. కాదు. 1998 నుంచి 2013 వరకు ఉన్న బీసీఎస్ పద్ధతిలో కంప్యూటర్ లెక్కలకి వాటా ఉండేది. 2014 నుంచి ఎంపిక పదమూడు మంది సభ్యులున్న కమిటీది. టెక్సస్‌లో గ్రేప్‌వైన్ అనే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకు నచ్చిన ఆరు జట్లు రాస్తారు. ఎక్కువ ఓట్లొచ్చిన ఆరింటికి ప్రతి సభ్యుడూ ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేస్తాడు. అంకెల మొత్తం తక్కువైన మూడు జట్లకి స్థానాలు ఖాయం. మిగిలిన మూడింటికి కొత్తగా మూడు చేర్చి మళ్లీ వేస్తారు. ఎవరు ఎవరికి ఎంత వేశారో మాత్రం బయటికి రాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇంకో అపోహ: కమిటీలో అందరూ అమ్ముడుపోయారని. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత యూనివర్సిటీ పేరు చర్చకి వస్తే ఆ సభ్యుడు గది దాటి బయటికి పోవాలన్నది నియమం. తొలి కమిటీలో కాండొలీజా రైస్ ఉన్నారు, అమెరికా విదేశాంగ మంత్రిగా చేసినావిడ. ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడని ఆడమనిషికి ఏం తెలుసని గోల చేశారు. సాక్ష్యం చూసి తూకం వేయడానికి కండలు కావాలా? మనుషుల్ని తిట్టడం తేలిక. తప్పు మనుషుల్లో లేదు, వాళ్ల చేతికిచ్చిన ప్రశ్నలో ఉంది.

2023 సంగతి చెబుతాను. అప్పుడు ప్లేఆఫ్‌లో, అంటే ఆఖరి పోటీల్లో, నాలుగు జట్లకే చోటు. ఫ్లోరిడా స్టేట్ పదమూడుకి పదమూడూ గెలిచి తన కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయింది. నవంబరు 18న వాళ్ల ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండా ఫ్లోరిడా అనే వేరే యూనివర్సిటీ మీద గెలిచారు. తర్వాత రెండోవాడు కూడా ఆడలేని స్థితిలో, మొదటి ఏడాది కుర్రాడైన మూడోవాడితో కాన్ఫరెన్స్ ఫైనల్లో లూయీవిల్‌ని 16–6తో ఓడించి కప్పు ఎత్తారు. మర్నాడు, డిసెంబరు 3న, కమిటీ నాలుగు పేర్లు చదివింది: మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. ఫ్లోరిడా స్టేట్ ఐదు. అలబామా సెప్టెంబరులో సొంత మైదానంలో టెక్సస్ చేతిలో ఓడిన జట్టు. ఓడిన జట్టు లోపల, ఓడని జట్టు బయట. ట్రావిస్ లేని జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ ఛైర్మన్ సమాధానం. ఆ రోజు ట్రావిస్ ఏం రాశాడో తెలుసా? తన కాలు ఇంకాస్త ముందే విరిగి ఉంటే బాగుండేదన్నాడు. ఈ జట్టు ఒక్క క్వార్టర్‌బ్యాక్ కాదని అందరికీ తెలిసేదట. ఇరవై మూడేళ్ల కుర్రాడి చేత ఆ మాట అనిపించిన పద్ధతిని నేను న్యాయమని ఎలా అనను?

ఇది ఎక్కడ ఎత్తినా ఒకాయన లేస్తాడు: "63–3 మర్చిపోయారా మాస్టారూ?" ఇవాళ కూడా ఎవరో ఒకరు లేస్తారు కాబట్టి ముందే చెప్పేస్తాను. అదే డిసెంబరు చివర, ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63–3తో చిత్తుగా ఓడింది. చూశారా, కమిటీ చెప్పిందే నిజమైందని వీళ్ల వాదన. అయ్యా, ఆ రోజు మైదానంలోకి దిగింది ఏ జట్టు? ఇరవైమందికి పైగా ఆటగాళ్లు లేరు. కొందరు గాయాలతో ఆగిపోయారు, కొందరు వేరే యూనివర్సిటీకి మారే దారిలో ఉన్నారు, కొందరు ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి లీగ్‌లో ఉద్యోగం ముందు ఒళ్లు పాడుచేసుకోవడం ఎందుకని ఆగారు. గాయాలు లేనివాళ్లు ఎందుకు ఆగారు? ఛాంపియన్‌షిప్ దారి మూసేశారు కాబట్టి. ప్లేఆఫ్‌లో చోటిచ్చి ఉంటే వాళ్లలో ఎంతమంది మానేసేవాళ్లు? నిర్ణయం వల్ల పుట్టిన ఫలితాన్ని తెచ్చి నిర్ణయానికే సాక్ష్యంగా పెడుతున్నారు. మా క్లాసులో విద్యార్థి పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తాను. చదువుకున్నవాళ్లు, టీవీలో మాట్లాడేవాళ్లు, ఇదే తప్పు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు!

సరే, మూడో క్వార్టర్‌బ్యాక్‌తో గెలవలేరనే అనుకుందాం. 2014కి రండి, ఇదే ప్లేఆఫ్ మొదటి ఏడాది. ఒహాయో స్టేట్ మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కి ముందే గాయపడ్డాడు. రెండోవాడి చీలమండ మిషిగన్‌తో ఆటలో విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్. అతను దిగి విస్కాన్సిన్‌ని 59–0తో ఓడించాడు. కమిటీ ఆ జట్టుని నాలుగో స్థానంలో తీసుకుంది. అతనే అలబామాని ఓడించాడు, ఫైనల్లో ఆరెగాన్‌ని 42–20తో ఓడించాడు, ఛాంపియన్. ఆ ఒహాయో స్టేట్ ఆ సీజన్‌లో ఒక మ్యాచ్ ఓడింది కూడా. ఒక ఓటమి, మూడో క్వార్టర్‌బ్యాక్: లోపలికి. ఓటమి లేదు, మూడో క్వార్టర్‌బ్యాక్: బయటికి. 59–0కీ 16–6కీ తేడా ఉందంటారు, ఉంది. ఒక్క మ్యాచ్ చూసి కుర్రాడి రాబోయే నెల చెప్పగలమని ఏ సంఖ్యాశాస్త్రం చెబుతుంది?

కమిటీ నిబంధన తప్పిందని నేను అనడం లేదు. ముఖ్య ఆటగాళ్లు లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని వాళ్ల రాతకోతల్లోనే ఉంది. ఆ నిబంధనే తప్పు. రేపు ఎవరు గెలుస్తారన్నది జోస్యం. నిన్నటిదాకా ఎవరు ఏం గెలిచారన్నది లెక్క. పిల్లలు ఆగస్టు నుంచి ఒళ్లు హూనం చేసుకుని ఆడేది లెక్క కోసం. వాళ్లని జోస్యంతో బయటికి పంపకూడదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క, రహస్యం. బీసీఎస్ రోజుల్లో ఆరు కంప్యూటర్ లెక్కలు వాడేవారు. పూర్తి సూత్రం అందరి ముందు పెట్టింది ఒక్క వెస్ కోలీ. 2010 డిసెంబరులో ఆయన లెక్కలో చిన్న జట్ల మధ్య జరిగిన ఒక మ్యాచ్ ఫలితం చేరలేదు. జెర్రీ పామ్ అనే ఆయన కూర్చుని సరిచూసి ఆ లోటు పట్టుకున్నాడు. దిద్దేసరికి పదో స్థానంలోని ఎల్‌ఎస్‌యూ పదకొండుకి దిగింది, బోయిసీ స్టేట్ పదికి ఎక్కింది. ఎక్కడో జరిగిన ఒక్క మ్యాచ్! మిగతా ఐదింటిలో ఇలాంటివి ఎన్ని దాగాయో పట్టుకునే దారే లేదు. తెరిచి పెట్టినవాడి తప్పు దొరికింది, దిద్దారు. దానికి కోలీని వెక్కిరించినవాళ్లున్నారు. ఆయనకు దండ వేయాలి. అంతకుముందే, 2006లో, హాల్ స్టర్న్ అనే సంఖ్యాశాస్త్రవేత్త ఈ బీసీఎస్ పద్ధతికి మన సంఖ్యాశాస్త్రం వాళ్లెవరూ సాయపడొద్దని పత్రికలో రాశాడు. నేను ఆయన పక్షం. ఇవాళ్టి కమిటీ ఓట్లు కూడా సభ్యుల పేర్లతో సహా బయటపెట్టాలి.

టైమైందని అధ్యక్షులవారు చూస్తున్నారు. త్వరగా ముగిస్తాను. 2024 నుంచి పన్నెండు జట్లు చేశారు, ఇక అన్యాయం లేదని కొందరు చేతులు దులుపుకున్నారు. అన్యాయం నాలుగైదు స్థానాల మధ్య నుంచి పది, పదకొండు దగ్గరికి జరిగింది, అంతే. 2025లో మయామీ, నోటర్ డేమ్ రెండూ పదేసి గెలిచి రెండేసి ఓడాయి. ఆగస్టు 31నే మయామీ 27–24తో నోటర్ డేమ్‌ని ఓడించింది. అయినా కమిటీ తన వారంవారం జాబితాలో వారాల తరబడి నోటర్ డేమ్‌నే పైన పెట్టింది. చివరి వారం ఇద్దరూ ఆడలేదు, హఠాత్తుగా స్థానాలు మారాయి, నోటర్ డేమ్ బయట పడింది. చివరికి తేల్చింది సబబే. ఆగస్టులో తెలిసిన ఫలితం డిసెంబరులో ఎందుకు గుర్తొచ్చింది? ఈ వారంవారం జాబితా టీవీ కార్యక్రమం కోసం పెట్టింది, దాన్ని ఆపేయాలి.

డబ్బు సంగతి ఒక్క మాట. 2024లో ప్లేఆఫ్‌లో చోటు దొరికితేనే ఆ జట్టు తరఫున కాన్ఫరెన్స్‌కి నలభై లక్షల డాలర్లు వచ్చాయి. అందుకే ఏం గెలిస్తే లోపల, దేనికి ఎంత విలువ అన్నది సీజన్ మొదలవకముందే, ఆగస్టులోనే, కాగితం మీద పెట్టి జట్లన్నిటికీ పంచాలి. గాయాల నిబంధన కొట్టేయాలి.

ఇక మీ ప్రశ్నలు. 63–3 గురించి తప్ప ఏదైనా అడగండి.