మా లంక కబుర్ల పుస్తకం

(మండల సమాఖ్య మహాజన సభలో మా గ్రామ సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



పొదుపులు, వాయిదాలు, బ్యాంకు లింకేజీ లెక్కలన్నీ నివేదికలో ముందు పేజీల్లో ఉన్నాయి. మా సంఘం లెక్క కూడా అందులోనే ఉంది, బాకీ ఏమీ లేదు. అందుకని మమ్మల్ని డబ్బు లెక్క వదిలేసి, మేము రాసుకుంటున్న ఇంకో పుస్తకం సంగతి చెప్పమన్నారు. మాకు సభల్లో మాట్లాడటం పెద్దగా అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

ఇదంతా మంచినీళ్ళ టిన్ను దగ్గర మొదలైంది. ఒక నెల మీటింగులో నీళ్ళ టిన్నుల ఖర్చు మీద మాట వచ్చింది. చుట్టూ చూస్తే కొల్లేరు, తాగడానికి మాత్రం టిన్ను కొనాలి. అప్పుడు మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ, మేమందరం మామ్మ అని పిలుస్తాం, "మేము ఈ నీళ్ళే తాగి పెరిగాం" అంది. అక్కడే ఆడుకుంటున్న పిల్లలు పకపకా నవ్వారు. ఈ నీళ్ళా, ఛీ అన్నారు. మామ్మకి కోపం వచ్చింది. దోనె వేసుకుని కిక్కిస దాటి లోపలికి వెళ్ళి, తేట నీళ్ళున్న చోట బిందె ముంచుకుని వచ్చేవాళ్ళమనీ, కుండ లోపల చిల్లగింజ అరగదీసి ఉంచితే తెల్లారేసరికి మడ్డి అంతా అడుక్కి దిగేదనీ చెప్పింది. మాలో సగం మందికి చిల్లగింజ అంటే ఏమిటో తెలీదు. నవ్వింది పిల్లలే కానీ, తెలియనితనం మాదీను.

ఆ రోజు తీర్మానాలు రాయడం అయ్యాక, మా బుక్ కీపరు అదే మినిట్స్ పుస్తకం వెనక వైపు నుంచి రెండు పేజీలు ఈ నీళ్ళ సంగతి రాసింది. తరవాత సీసీ గారు తనిఖీకి వచ్చి, "ఇదేంటమ్మా, తీర్మానం నంబరు లేదు, సంతకాలు లేవు, చిల్లగింజ ఏంటి?" అన్నారు. చెప్పాం. ఆయన నవ్వి, దీనికి వేరే పుస్తకం పెట్టుకోండి, ఇది ఆడిట్‌కి వెళ్ళేది అన్నారు. తలా నాలుగు రూపాయలు వేసుకుని రెండు వందల పేజీల పుస్తకం కొన్నాం. దానికి పేరు పెట్టలేదు. ఊళ్ళో వాళ్ళే కబుర్ల పుస్తకం అంటున్నారు.

ముందు చాపల పేర్లు రాశాం. అది తేలిక అనుకున్నాం. మా పిల్లలకి తెలిసినవి మూడే: శీలావతి, బొచ్చె, ఫంగస్. మూడూ చెరువుల్లో మేత వేసి పెంచేవే. పెద్దవాళ్ళని అడిగితే కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, వాలుగ, బొమ్మిడాయి, జెల్ల, పరిగె అంటూ ఒక పేజీ దాటింది. ఏ నెలలో ఏది పడేది, ఏది బాలింతకి పెట్టాలి, ఏది పెట్టకూడదు, ఏది ఎండబెడితే నిలవ ఉంటుంది, ఇవన్నీ ఆడవాళ్ళే చెప్పారు. మగవాళ్ళు వల గురించీ మావుల గురించీ చెప్పారు. వెదురు బద్దలతో మావు అల్లడం తెలిసినవాళ్ళు మా లంకలో ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. ఆయనకి చూపు తగ్గింది. చేత్తో తడుముకుంటూ ఒక చిన్న మావు అల్లి ఇచ్చారు. బడిలో గోడకి తగిలించాం. ఒక పిల్లాడు దాన్ని చూసి కోళ్ళ గంప అనుకున్నాడు.

చాపల దగ్గర్నుంచి ఊరి దగ్గరికి వచ్చాం. మేము చదువుకున్నది పదో తరగతి వరకే. సోషల్ పుస్తకంలో రాజులు, యుద్ధాలు, తేదీలు చదివాం. అందులో మా ఊరు లేదు. అందుకని చరిత్ర అంటే ఎక్కడో దూరాన జరిగేది అనుకునేవాళ్ళం. హైస్కూలు మాస్టారు ఒకరు మా పుస్తకం తిరగేసి, వేంగిని ఏలిన శాలంకాయన రాజు నందివర్మ రాగి రేకుల మీద రాయించిన శాసనాన్ని మన కొల్లేరు పేరుతోనే పిలుస్తారని చెప్పారు. వేంగి అంటే ఏలూరు పక్కనున్న పెదవేగి. పదిహేను వందల ఏళ్ళకు పైబడిన మాట. మా పిల్లలు ఆ రేకులు ఎక్కడ చూడొచ్చు అని ఆయన్ని వదల్లేదు. మాకైతే ఇంకోటి తట్టింది. రాజు రాగి రేకు మీద రాయించాడు కాబట్టి మిగిలింది. మామ్మ చెప్పింది ఎవరు రాస్తారు?

కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి మనందరికీ ఇలవేల్పు లాంటిది. ఫాల్గుణంలో జాతరకి వెళ్ళని ఇల్లు మన మండలంలో ఉండదు. ఆ కోట కథ మీరూ వినే ఉంటారు. కొల్లేటికోటలో గజపతుల సైన్యం ఉండేదట. చుట్టూ నీళ్ళే కాబట్టి శత్రువులు రాలేకపోయారట. నీళ్ళు సముద్రంలోకి తీసేద్దామని ఇప్పటి ఉప్పుటేరు దారిలో కాలవ తవ్వించారట. అప్పుడు సేనాని తన సొంత కూతుర్ని బలిచ్చాడట. అందుకే పేరంటాల కనుమ అని పేరు వచ్చిందట. మా ఊళ్ళో ఇద్దరు ముసలమ్మలు ఈ కథని రెండు రకాలుగా చెప్పారు. ఒకావిడ కోట లోపలి సేనాని అంది, ఇంకొకావిడ బయట తవ్వించినవాడు అంది. ఇద్దరూ పంతానికి పోయారు. ఎవరిది నిజం అని తేల్చడానికి మేమెవరం? రెండూ రాశాం. రాస్తుంటే మా సంఘంలో ఒక అమ్మాయి, "ఇంతకీ ఆ పిల్ల పేరేంటి?" అని అడిగింది. ఇద్దరికీ తెలీదు. రాజు పేరు తెలుసు, కోట పేరు తెలుసు, చచ్చిపోయిన పిల్ల పేరు ఎవరికీ తెలీదు. పేరు రాయడానికని అక్కడ ఒక గీత గీసి ఖాళీ వదిలాం.

ఇక 2006 పేజీ దగ్గర పెద్ద గొడవే అయింది. ఆ సంగతి దాచకుండా చెప్తాం, మీ ఊళ్ళలోనూ ఇదే వస్తుంది కాబట్టి.

మా అమ్మల కాలంలో వానాకాలం నీళ్ళు, ఎండాకాలం నీళ్ళు తీసిన చోట దాళ్వా. 1976 ప్రాంతంలో గవర్నమెంటు మత్స్యకారులకి సొసైటీలు పెట్టి చాపల చెరువులు తవ్వించింది. మొదట్లో బాగానే ఉంది. తరవాత డబ్బున్నవాళ్ళు లీజులకి వచ్చారు, చెరువులు పెరిగాయి, గట్లు పెరిగాయి, దోనె తిరిగే దారులు పోయాయి. మన చెరువు మీద మనమే కాపలా కూలీలమయ్యాం. 1999లో ప్లస్ ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టం మీద ఐదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు.

ఈ పేజీ రాసేటప్పుడు మా సభ్యురాళ్ళలో ఒకావిడ, "ఆ రోజు పొక్లెయిను మా గట్టు మీదికి వస్తుంటే మా ఆయన గట్టు మీద పడుకున్నాడు, అది రాయండి" అంది. వాళ్ళకి సొసైటీ వాటా తప్ప వేరే ఆధారం లేదు. ఆ పక్కనే కూర్చున్న ఇంకొకావిడ, "గట్లు పోయాకే మా ఇంటి ముందుకి నీళ్ళొచ్చాయి, మా ఆయన మళ్ళీ వల పట్టాడు, అది కూడా రాయండి" అంది. ఇద్దరూ ఒకే వీధి, ఒకే గ్రూపు, ఒకరికొకరు జామీను. మూడు వారాలు మాట్లాడుకోలేదు. ఒక వారం పొదుపు కూడా వేరేవాళ్ళ చేత పంపించారు. ఈ పుస్తకం వల్ల సంఘం చీలిపోతుందేమో, ఆపేద్దాం అని మాలో కొందరు అన్నారు. మాకూ భయం వేసింది. చివరికి ఆ పేజీని మధ్యలో గీత కొట్టి రెండు భాగాలు చేశాం. ఎడమ వైపు ఒకావిడ మాట, కుడి వైపు ఒకావిడ మాట. ఎవరి మాట కింద వాళ్ళ వేలిముద్ర. ఇద్దరికీ చదివి వినిపించాం. ఇప్పటికీ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. కానీ జాతరకి ఒకే ఆటోలో వెళ్ళారు.

మేము చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదట్లో పెద్దవాళ్ళు చెప్పేది ఫోనులో రికార్డు చేసి, తీరిగ్గా రాసుకోవచ్చు అనుకున్నాం. చెరువు పట్టుబడి రోజులు, తీరిక ఏది? ఇంతలో ఫోను పాడైతే షాపులో ఇచ్చారు, అతను అంతా తుడిచేసి కొత్తగా చేసి ఇచ్చాడు. ముగ్గురి మాటలు పోయాయి. ఇద్దరి దగ్గరికి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాం. మూడో ఆయన, పాత రోజుల్లో పడవ మీద ఆకివీడు దాకా చాపలు తీసుకెళ్ళి రైలుకి ఎక్కించిన ముచ్చట చెప్పిన తాత, మేము వెళ్ళేలోపే కాలం చేశారు. ఆయన కర్మకాండ రోజున ఆయన కోడలు మమ్మల్ని అడిగింది, "మా మామయ్య గొంతు మీ దగ్గర ఉందంట కదా, ఒకసారి వినిపించరా?" అని. ఏం చెప్తాం? తల దించుకుని వచ్చేశాం. అప్పట్నుంచి రికార్డు చేసిన రోజు సాయంత్రమే పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం, రెండో ఫోనులో కూడా పెడుతున్నాం.

ఇంకోటి. ఒకావిడ తన పెళ్ళి, మొగుడు పోవడం, అప్పుల వాళ్ళు ఇంటి మీదికి రావడం అంతా కళ్ళ నీళ్ళతో చెప్పింది. రాశాం. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆ పేజీ తీసెయ్యండమ్మా, నా కొడుక్కి పెళ్ళీడు వచ్చింది అంది. మా బుక్ కీపరు కష్టపడి రాసిన పేజీ అది, ఆమెకి మనసొప్పలేదు. కానీ చింపి ఆవిడ చేతికే ఇచ్చేశాం. పొదుపు సొమ్ము అడిగితే లేదంటామా? ఇదీ అంతే, ఆవిడ సొమ్ము. ఇప్పుడు ఎవరు చెప్పినా ముందే అడుగుతున్నాం, పేరు వెయ్యాలా వద్దా, బడిలో చదవొచ్చా లేదా అని.

దీనివల్ల ఉపయోగం ఏంటని అడిగేవాళ్ళు ఉన్నారు. మా ఇళ్ళల్లోనే అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడ సంగతి టీవీల్లో అందరూ చూశారు. ఆ నీళ్ళు ఆ తరవాత వచ్చింది మన మీదికే, అది టీవీలో అంతగా రాలేదు. రోడ్ల మీద నీళ్ళు, రోజురోజుకీ మెట్టు మెట్టు ఎక్కుతున్నాయి. మా పుస్తకంలో వెనకటి ముంపుల పేజీ ఒకటి ఉంది. ఎంత ముంపుకైనా మా ఊళ్ళో ఏ దిబ్బ మునగలేదు, ఏ గడపకి ఎంతవరకు నీళ్ళొచ్చాయి అని మామ్మ చెప్పింది. ఆ దిబ్బ మీద ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు, తుప్పలు పెరిగిపోయాయి. కుర్రాళ్ళు తుప్పలు కొట్టి పట్టా కట్టారు. నెలలు నిండిన పిల్లని, మంచాన ఉన్న ఇద్దరిని ముందు అక్కడికి చేర్చాం. బియ్యం, మినిట్స్ పుస్తకాలు, ఈ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి అక్కడే పెట్టాం. దిబ్బ మునగలేదు.

2022లో మన కైకలూరు వైపు కృష్ణా జిల్లా లోంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. మా ఊరు ఉన్న చోటే ఉంది, జిల్లా మారింది. పాత కాగితాల్లో ఒక పేరు, కొత్త కాగితాల్లో ఒక పేరు. రేపు మా మనవలకి మా ఊరు ఏ జిల్లాదో కూడా తికమకే. మా పుస్తకం మొదటి పేజీలో రెండూ రాసి పెట్టాం.

సమాఖ్యని మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఒక్కో గ్రామ సంఘానికి ఒక గట్టి అట్ట పుస్తకం సమాఖ్య ఖర్చుల్లోంచి ఇప్పించమని తీర్మానం పెడుతున్నాం. ప్రతి ఏడూ ఈ నివేదికలో రెండు పేజీలు వీటికి ఇవ్వండి. ఊరికి ఒక ముచ్చట చొప్పున వేద్దాం. పుస్తకం వచ్చేదాకా ఆగకండి, మినిట్స్ పుస్తకం వెనక వైపు ఉంది కదా. సీసీ గారు ఏమన్నా అంటే మా పేరు చెప్పండి. మీ ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ దగ్గర ముందు కూర్చోండి, ఓపిక ఉన్నవాళ్ళ దగ్గరికి తరవాత వెళ్ళొచ్చు.

పేరంటాల కనుమ ముచ్చటలో ఆ పిల్ల పేరు మీ ఊరి ముసలమ్మలెవరికైనా తెలిస్తే, భోజనాల దగ్గర మాకు చెప్పండి. పుస్తకం తెచ్చాం, మా బుక్ కీపరు దగ్గర ఉంది.