చేతిలో హునర్ – చొక్కా మీద అక్షరం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారు మాట్లాడతారంటే పరీక్షల గురించో, మార్కుల గురించో చెబుతారని మీరు అనుకుని వుంటారు. ఇవాళ మేము టీషర్టుల గురించి చెప్పదలచుకున్నాము. నవ్వకండి. మొదట మేము కూడా నవ్వినవాళ్లమే. నవ్వడమే కాదు, ఒక తప్పు కూడా చేశాము. ముందు అది ఒప్పుకుని తర్వాత విషయానికి వస్తాము.

కొన్నేళ్ల క్రితం మా తరగతిలో ఒక కుర్రవాడు వుండేవాడు. వాడి లెక్కల నోటుబుక్కులో లెక్కలు తక్కువ, బొమ్మ అక్షరాలు ఎక్కువ. 'బే' కింది చుక్కను దీపం చేసేవాడు. 'నూన్'ను పడవ చేసేవాడు. ఒకరోజు మేము కోపం పట్టలేక ఆ కాగితం చించి బుట్టలో వేశాము. వాడు ఏమీ అనలేదు. నోటుబుక్కు మూసి కూర్చున్నాడు, అంతే.

వాడి తాతగారు కాతిబ్ అని మాకు తర్వాత తెలిసింది. పెళ్లి కార్డులూ, దుకాణాల బోర్డులూ చేత్తో రాసి సంసారం ఈదుకొచ్చిన మనిషి. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు రావడంతో ఉర్దూ రాత యంత్రంలోకి ఎక్కింది. 1990లలో కంప్యూటర్లు వీధివీధికీ వచ్చాక ఇలాంటి పెద్దల కలాలు మూలపడ్డాయి. ఆ మూలపడ్డ కలాన్ని పిల్లవాడు లెక్కల పుస్తకంలో మళ్లీ పట్టుకుంటే, మేము చించిపారేశాము.

ఆ కుర్రవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. సాయంత్రం పూట టీషర్టులకు బొమ్మలు, అక్షరాలు గీసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. ఆ పని ఎలా సాగుతుందో వాడినే అడిగి తెలుసుకున్నాము. శిష్యుడి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గు దేనికి?

ఇదివరకు టీషర్టులు అమ్మాలంటే ముందుగానే వందో రెండువందలో కొని, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్క్రీను కట్టించి, అచ్చు వేయించి, ఇంట్లో మూటలు పెట్టుకోవలసి వచ్చేది. అమ్ముడుపోకపోతే పెట్టుబడి మట్టి. ఇప్పుడు ఆర్డరు వచ్చాకనే ఒక్క చొక్కా అయినా అచ్చువేసే పద్ధతి వచ్చింది. మనం బొమ్మ మాత్రం పంపుతాము. కొనేవారు డబ్బు కట్టగానే అచ్చువేసేవారు చొక్కా తయారుచేసి వారి ఇంటికే పంపిస్తారు. వాళ్ల ఖర్చు వాళ్లు పట్టుకుని మిగిలింది మనకిస్తారు. అమెరికాలోని షికాగోలో థ్రెడ్‌లెస్ అనే సంస్థ 2000లోనే, జనం పంపిన బొమ్మలకు జనంచేతనే ఓట్లు వేయించి, గెలిచినవాటిని చొక్కాలమీద అచ్చువేయడం మొదలుపెట్టింది. మన దేశంలో అల్లిక బనీను గుడ్డకు తమిళనాడులోని తిరుప్పూరు పెట్టింది పేరు.

గుడ్డమీద బొమ్మ మనకు కొత్త కాదు. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. 'కలం', 'కారీ' రెండూ ఫార్సీ నుంచి వచ్చిన మాటలే. ఒకప్పుడు ఆ గుడ్డ ఓడలెక్కి ఇరాన్‌దాకా పోయింది.

ఇక మా అనుభవం ఒకటి వినండి. పోయినసారి పాత విద్యార్థుల కలయికకు ఇరవై చొక్కాలు చేయిద్దామనుకున్నాము. వాటిమీద 'ఇల్మ్' అని ఒక్క మాట. నమూనా చూడాలని కుర్రవాడు అన్నాడు. "మూడక్షరాల మాటకు నమూనా ఏమిటోయ్" అని మేమే తొందరపెట్టాము. చొక్కాలు వచ్చాయి. అయిన్, లామ్, మీమ్ కలిసి వుండవలసినవి విడివిడిగా, పైగా ఎడమనుంచి కుడికి వరసపెట్టి నిలబడ్డాయి. ఉర్దూ తెలియని సాఫ్ట్‌వేరు చేసిన పని అది. తెలుగుకూ ఈ బాధ వుంది, ఒత్తులు ఊడి పక్కకు జారుతాయి. ఇల్మ్ అని రాయించబోయి మా ఇల్మ్ ఏపాటిదో ఇరవై మంది వీపులమీద చాటుకున్నాము.

అప్పుడు కుర్రవాడు తాతగారి దగ్గరకు వెళ్లాడు. ఆయన రెల్లు కలం చెక్కి, సిరాలో ముంచి, ఆ మాటను కాగితంమీద రాసి ఇచ్చారు. వాడు దాన్ని స్కాన్ చేసి, రేఖాచిత్రంగా మార్చి పంపాడు. ఇక అక్షరం విడిపోయే ప్రసక్తి లేదు. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి: పన్నెండు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తు అచ్చు కావాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600కు 4800 చుక్కల బొమ్మ వుండాలి. ఫోనులో మెరిసే రంగు గుడ్డమీద అంతగా మెరవదు. అందుకని ముందు ఒక్కటి చేయించి, ఉతికి, ఆరేసి చూడాలి.

లెక్కల మాస్టారిలాగా ఒక లెక్క కూడా చెబుతాము, ఉదాహరణకే సుమా. చొక్కా, అచ్చు కలిపి 280 రూపాయలు, పంపే ఖర్చు 70, మొత్తం 350. 449కి అమ్మితే 99 మిగులుతుంది. అందులో కమీషను, పన్ను పోవాలి. ఇంటి దగ్గర డబ్బిస్తామన్నవారు తీసుకోకుండా తిప్పి పంపితే, రానుపోను ఖర్చుతో 420 మనమీద పడుతుంది. అంటే నాలుగు చొక్కాల లాభం చాలదు. కాబట్టి ఇది ఉద్యోగం అనుకోకండి. ఒక్కటీ అమ్ముడుపోని నెలలు వుంటాయి. చదువు మానుకుని చేసే పని అసలే కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. సినిమా హీరో బొమ్మ, క్రికెట్ జట్టు గుర్తు, ఇంకొకరి చిత్రం ఎత్తి పెట్టకూడదు. 1957 నాటి కాపీరైటు చట్టం వున్నది అందుకే. అంతకన్నా ముందు అది దొంగతనం. రెండవది, ఉతుకుడు రాయి ఎక్కే గుడ్డమీద పవిత్ర వాక్యాలు వద్దు. అలాగని అక్షరం కనబడగానే ఉలిక్కిపడడమూ తప్పే. 2024 ఫిబ్రవరిలో లాహోరులో ఒక స్త్రీ దుస్తులమీద అరబ్బీ రాత చూసి ఖురాన్ వాక్యమనుకుని జనం చుట్టుముట్టారు. అక్కడ వున్న మాట 'హల్వా', అందమైనది, తీయనిది అని అర్థం. ఒక మహిళా పోలీసు అధికారి అడ్డుపడి ఆమెను బయటికి తీసుకువచ్చారు. గీసే పిల్లలు తాము గీసేదాని అర్థం తెలుసుకోవాలి. చూసే పెద్దలూ చదవడం తెలుసుకోవాలి.

పెద్దలకు ఒక మనవి. మన ఆడపిల్లలు మెహెందీ పెడతారు, లతలు కుడతారు. ఆ చేతులకు ఈ పని ఎంతసేపు? ఇంట్లోనే కూర్చుని చేయవచ్చు. సంఘం గదిలో ఆదివారం రెండు గంటలు ఒక కంప్యూటరు, స్కానరు పెట్టించండి. పాత కాతిబులు మన పేటల్లో ఇంకా ఒకరిద్దరు వున్నారు. వారిని పిలిచి కుర్చీ వేయండి. ఆ చేయి వున్నప్పుడే పిల్లలు చూడాలి.

కుర్రవాడు పోయిన నెల మాకు ఒక చొక్కా తెచ్చి ఇచ్చాడు. దానిమీద పడవలాంటి నూన్ వుంది, పైన చుక్క వుంది. మేము చించిన కాగితంమీద వున్నదే. వాడు ఆ సంగతి ఎత్తలేదు, మేమే ఎత్తి క్షమించమన్నాము. బడికి వేసుకు వెళ్లే ధైర్యం లేదు గాని, ఇంటి దగ్గర వేసుకుంటున్నాము.