మన గల్లీకి మనమే సాక్షులం

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోనుతో చిన్న చిన్న వీడియోలు తీయడం గురించి అరవై దాటిన మేము మాట్లాడడం మీకు వింతగా తోచవచ్చు. ఆ విద్యలో మీరే మాకు గురువులు. అయితే ఏది తీయాలి, ఎవరిని అడిగి తీయాలి, ఎవరికి పంపాలి అనే మూడు ప్రశ్నలకు మేము పొరపాట్లు చేసి నేర్చుకున్న జవాబులున్నాయి. వాటినే మీ ముందు పెడుతున్నాము.

పాతబస్తీలో మాదిరిగా మనమిక్కడ ఒక్కచోట లేము. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, అపార్టుమెంట్ల నడుమ ఒకచోట నాలుగిళ్లు, మరోచోట పదిళ్లుగా ఉన్నాము. పక్కింటివారికి మన గురించి తెలిసినదానిలో మన నోట విన్నది తక్కువ, తెరమీద చూసినది ఎక్కువ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగినప్పుడు కన్నీరు పెట్టినవారిలో మనమూ ఉన్నాము. ఆ కన్నీరు ఏ తెరమీదా కనబడలేదు. 2020లో, కరోనా తొలి నాళ్లలో, తబ్లీగీ జమాత్ పేరు తగిలించిన పాత వీడియోలు, వేరే సందర్భాల వీడియోలు దేశమంతా తిరిగాయి. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనబడుతున్నదని వ్యాఖ్యానించింది. ఆ వీడియోలు చూసినవారిలో ఆ తీర్పు సంగతి విన్నవారు ఎందరు?

కాబట్టి మన మాట మనమే చెప్పుకోవాలి. ఇది మనకంటే ముందు చేసి చూపినవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు, బడి ముఖం చూడనివారు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ పత్తి పొలాల్లో తిరిగి, బీటీ విత్తనం వేసిన రైతులు ఏమంటున్నారో వారి నోటనే రికార్డు చేశారు. ఆ చిత్రాలను విదేశాలలోనూ చూశారు. వారు కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. మనిషిని కిందినుంచి పైకి చూస్తూ తీస్తే అది ఊరి పటేల్‌ను వారు చూడవలసి వచ్చిన చూపు. పైనుంచి కిందికి తీస్తే అది పటేల్ తమను చూసే చూపు. కళ్లకు సమానంగా ఎదురుగా తీస్తే అది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఏ పాఠ్యపుస్తకమైనా ఇంతకంటే బాగా చెప్పగలదా?

ఈ పాఠం మాకు ఆలస్యంగా తలకెక్కింది. ఒకసారి మా కమిటీ తరఫున పింఛను ఆగిపోయిన ఒక వితంతు సోదరి ఇంటికి వెళ్లాము. ఆమె చాప మీద కూర్చున్నది. మేము నిలబడే తీశాము. రేకుల కప్పు, వంటగదిలో ఖాళీ డబ్బాలు, ఆమె కన్నీరు అన్నీ తీసి, దాతలు స్పందించాలని రాసి గ్రూపులలో పెట్టాము. మూడో నాటికి ఆ వీడియో ఆమె కూతురి కాలేజీకి చేరింది. ఆ అమ్మాయి వారం రోజులు కాలేజీకి వెళ్లలేదు. "పింఛను ఇప్పించమన్నాను భాయ్‌సాబ్, మీరు నా ఇజ్జత్ బజారులో పెట్టారు" అన్నది తల్లి. మేము మా గ్రూపులోంచి తీసివేశాము గాని, ఇతరుల ఫోన్లలోకి వెళ్లినదాన్ని ఎలా తీసివేయగలము?

తరువాత క్షమాపణ చెప్పుకుని, ఆమె ఇష్టప్రకారం మళ్లీ తీశాము. ఈసారి ముఖం లేదు. దరఖాస్తు రసీదు పట్టుకున్న రెండు చేతులు, ఒక నిమిషం మాట, అంతే. ఏ తేదీన ఇచ్చింది, ఎన్నిసార్లు తిరిగింది ఆమే చెప్పింది. దానితోపాటు రాతపూర్వక అర్జీ తీసుకుని సోమవారం ప్రజావాణికి వెళ్లాము. పని వెంటనే కాలేదు. కొన్ని సోమవారాలు తిరగవలసి వచ్చింది. ఒక్క సంగతి మాత్రం గమనించాము. కన్నీటి వీడియో చూసి జాలిపడినవారున్నారు గాని, రసీదు వీడియో చూసిన అధికారి నంబరు రాసుకున్నారు. వీడియో అర్జీకి బదులు కాదు, అర్జీకి తోడు.

అందుచేత కొత్తగా మొదలుపెట్టేవారు కష్టాల కథలతో కాక, నలుగురికీ పనికివచ్చే సమాచారంతో మొదలుపెట్టండి. షాదీ ముబారక్ పథకాన్నే తీసుకోండి. 2014 అక్టోబరులో 51,000 రూపాయలతో మొదలై, 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలి. పట్టణాలలో కుటుంబ వార్షికాదాయం 2 లక్షలు మించరాదు. ఏయే కాగితాలు కావాలో మీసేవ ముందు నిలబడి రెండు నిమిషాలలో చెప్పండి. మన ప్రాంతం రెండు జిల్లాల సరిహద్దు. కొన్ని ఇళ్లు హైదరాబాద్ జిల్లాలోకి, కొన్ని రంగారెడ్డి జిల్లా సరూర్‌నగర్ మండలంలోకి వస్తాయి. ఏ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలో తెలియక తిరిగేవారికి ఆ ఒక్క ముక్క చెప్పినా పుణ్యమే. వీడియో మొదట్లోనే తేదీ చెప్పండి. తేదీ లేని వీడియో పాత మొత్తాలనే చెబుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. కచేరీలో తేదీ లేని కాగితానికి ఎంత విలువో, తేదీ లేని వీడియోకూ అంతే.

ఇక తీసే పద్ధతి. ఫోను అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. వెలుతురు మీ వీపు వెనకనుంచి, మాట్లాడేవారి ముఖం మీద పడాలి. బొమ్మ కొంచెం మసకబారినా జనం చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. మెట్రో స్తంభాల కింద, బస్సుల హారన్ల మధ్య తీయకండి. నాలుగడుగులు గల్లీలోకి రండి. తీగ ఉన్న ఇయర్‌ఫోను మైకు మాట్లాడేవారి మెడ దగ్గర ఉంచితే చాలు. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడుకుంటాము. అలాగే మాట్లాడనివ్వండి, కింద తెలుగు అక్షరాలు వేయండి. పక్కింటి తెలుగువారికి మన మాట అందితేనే కదా ఈ శ్రమకు ఫలితం.

పంపేముందు మాట్లాడినవారికే మొదట చూపించండి. తీసేటప్పుడు ఒప్పుకున్నవారు చూశాక వద్దనవచ్చు. ఆ హక్కు వారిది. స్త్రీల విషయంలోనూ, పిల్లల విషయంలోనూ మరింత జాగ్రత్త అవసరం. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా కనబడకుండా చూడండి. అసలు ఫైలును చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్పష్టత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే తగ్గదు.

చివరగా ఒక మాట. మనపై తిరిగే అబద్ధపు వీడియోలకు బాధపడే మనమే, మన గ్రూపులలోకి వచ్చినదాన్ని చూడకుండా ముందుకు తోస్తున్నాము. 2018లో పిల్లల దొంగల పుకార్లు మన నగరంలోనే ప్రాణం తీశాయి. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డు చేయకుండా పరిమితి పెట్టింది. వార్త వస్తే నిర్ధారించుకోవాలని, తెలియక ఒక సమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడరాదని ఖురాన్‌లోని హుజురాత్ సూరా మనకు ఎన్నడో బోధించింది. కంపెనీ పెట్టిన పరిమితికంటే ఆ ఆదేశం మనకు పెద్దది.

సాక్ష్యం చెప్పడం మన దీన్‌లో అమానత్. ఫోను పట్టిన చేయి సాక్షి చేయి. ఎదుటివారి కళ్లకు సమానమైన ఎత్తులో దాన్ని ఉంచండి. ఈ వారంలోనే మీ గల్లీ గురించి ఒక్క నిమిషం వీడియో తీసి, ముందు మీ అమ్మకు చూపించండి. ఆమె సరేనన్నాకే గల్లీకి చూపించండి.

అల్లాహ్ మన మాటలో నిజాయితీని, మన చూపులో గౌరవాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.